విందుబల్ల నడుమ: ఈస్టరు సింగారపు చరిత్ర

మన తెలుగువారి విందునకు 'నడుమ' అను స్థానము లేదు. బంతులు తీర్చి కూర్చుందుము. ఎవరి ఆకు వారి యెదుట నుండును. రెండు బంతుల మధ్యనున్న చోటు వడ్డించువారు నడచుట కొఱకు. అచట పూలకుండ నుంచినచో నేతిగిన్నెతో వచ్చువారి కాలికి తగులుట తప్ప వేఱు ప్రయోజనము లేదు. ఐరోపావారి విందు రీతి వేఱు. వారు బల్ల చుట్టును ఎదురెదురుగా కూర్చుందురు. చుట్టును కూర్చుండుటతో నడుమ యొకటి ఏర్పడెను. దానిని ఏమి చేయవలెనను చింతయు వెంటనే పుట్టెను. ఆ స్థానమున నుంచు వస్తువును ఆంగ్లమున 'సెంటర్‌పీస్' అందురు. మన యిండ్లలో ఆ వస్తువే లేనందున మన భాషలో దానికి మాటయు లేదు. ఈ వ్యాసమున దానిని 'నడిమి సింగారము' అని వ్యవహరించెదను.

దొరలు ముచ్చటకు పెట్టుకొను పూలగిన్నెకు చరిత్ర యేమి యని పాఠకులు నవ్వవచ్చును. కాని ఒక సమాజము తన బల్ల నడుమ నేమి యుంచినదో చూచినచో ఆ విందు ఎవరి కొఱకు జరిగినదో తెలియును: వచ్చినవారి కొఱకా, పిలిచినవారి గొప్ప కొఱకా యని. ఈ విషయమున తక్కిన విందులకన్న ఈస్టరు విందు మనకు ఎక్కువ బోధించును. ఏలయన ఆ బల్ల నడుమ మొదట నిలిచినది ఆహారము; అలంకారము తరువాత వచ్చినది.

ఈస్టరు క్రీస్తు పునరుత్థానమును స్మరించు పండుగ. దానికి ముందు నలువది దినముల వ్రతము కలదు. మన తెలుగు క్రైస్తవులలో కొందఱు దానిని శ్రమల దినములనియు, కొందఱు తపఃకాలమనియు పిలుతురు. మధ్యయుగపు ఐరోపాలో ఈ వ్రతము మిక్కిలి కఠినమైనది. మాంసమే గాక గ్రుడ్లు, పాలు, వెన్న, జున్ను సయితము చాల ప్రాంతములలో నిషిద్ధములు. అయితే కోళ్లకు వ్రతము లేదు గదా! అవి గ్రుడ్లు పెట్టుచునే యుండెను. ఇంటింట పోగుపడిన ఆ గ్రుడ్లు పండుగనాటికి అక్కఱకు వచ్చెను.

ఈ పండుగ దినమును క్రైస్తవ లోకమంతయు ఒక్క రీతిగా నిర్ణయించుటకు 325వ సంవత్సరమున నైసియా నగరమున జరిగిన మహాసభ పూనుకొనెను. వసంత విషువము తరువాత వచ్చు పూర్ణిమకు పిమ్మటి ఆదివారము ఈస్టరు. గ్రెగోరియను పంచాంగము ననుసరించువారికి అది మార్చి 22కును ఏప్రిల్ 25కును నడుమ పడును. చంద్రుని సూర్యుని కలిపి లెక్కించు ఈ పద్ధతి మన పంచాంగకర్తలకు వింత గొల్పదు. ఐరోపాలో మంచు కరగి తొలి పచ్చదనము కనబడు కాలమది. దీర్ఘవ్రతము ముగియుటయు, నేల మొలకెత్తుటయు ఒక్కసారి కలిసివచ్చుటచేత ఆనాటి బల్లపై తినదగినదంతయు చూడదగినదయ్యెను.

ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు గృహవ్యయ పట్టికలో 1290వ సంవత్సరమున ఈస్టరు కొఱకు 450 గ్రుడ్లకు 18 పెన్నీలు ఖర్చు వ్రాయబడినది. వానికి రంగు వేయించి, బంగారు రేకు తొడిగించి పరివారమునకు కానుకగా పంచిరి. ఆనాటి విందులో ఎవరేమి మాటలాడిరో నిలువలేదు గాని గుమాస్తా వ్రాసిన పద్దు మాత్రము నిలిచినది. కచ్చేరీ కాగితముల నడుమ కాలము గడుపు మా వంటివారికి ఇది కొంత ఊరట.

గ్రుడ్డు తరువాత చెప్పదగినది గొఱ్ఱెపిల్ల. యూదులు తమ పస్కా పండుగయందు గొఱ్ఱెపిల్లను బలియిచ్చిరి. క్రైస్తవులు క్రీస్తునే దేవుని గొఱ్ఱెపిల్లగా భావించిరి. అందుచేత ఆ రూపము ఈస్టరు బల్ల నడుమకు చేరెను. పోలండు దేశమున పండుగకు ముందునాడు, అనగా పవిత్ర శనివారమున, ఇంటింటివారు ఒక బుట్టలో గ్రుడ్లు, రొట్టె, ఉప్పు, మాంసము, ఘాటైన ఒక వేరు, వెన్నతో చేసిన చిన్న గొఱ్ఱెపిల్ల బొమ్మ పెట్టి దేవాలయమునకు కొనిపోయి దీవెన పొందుదురు. మఱునాటి ఉదయము బల్లపై ఆ వెన్న గొఱ్ఱెపిల్ల కొలువుదీరును. ఫ్రాన్సు తూర్పుకొననున్న ఆల్సాస్ సీమలో కాల్చిన మట్టి అచ్చులలో గొఱ్ఱెపిల్ల ఆకారపు తియ్యని రొట్టె వండి, పైన చక్కెరపొడి చల్లుదురు. రష్యాలో నీరు పిండిన పెరుగుగడ్డను కొన తెగిన గోపురాకారమున అచ్చుపోసి, 'క్రీస్తు లేచెను' అను మాటల తొలి అక్షరములను దానిపై తీర్తురు. ఆ వంటకమునకు పండుగ పేరే పేరు: పాస్ఖా. గ్రీసులో ముప్పేట జడవలె అల్లిన రొట్టెలో ఎఱ్ఱని గ్రుడ్డును ఒదిగించి కాల్తురు. పండుగనాడు ఒకరి గ్రుడ్డుతో ఒకరి గ్రుడ్డును తాకించి, ఎవరిది పగులక నిలుచునో చూచి సంబరపడుదురు. ఇన్ని దేశములలోను ఒక్కటే సూత్రము కనబడును. నడుమ నున్న వస్తువు అందముగ నుండవలెను. ఆ పూటనే పంచుకొని తినబడవలెను. విందు ముగియునప్పటికి అది మిగులకుండుటయే దాని సార్థకత.

వీనితో కూడ వచ్చునది పచ్చదనము. రష్యా, యుక్రెయిను దేశములలో పండుగకు కొన్ని దినముల ముందు పళ్లెములో ధాన్యము చల్లి, మొలకల పచ్చికపై ఎఱ్ఱని గ్రుడ్లు అమర్చుట ఆచారము. ఫిన్లండులో పిల్లలు ఇంటిలోపల గిన్నెలలో గడ్డివిత్తులు చల్లి ఈస్టరునాటికి పెంచుదురు. బయట నింకను మంచు కరగదు. ఇటలీ దక్షిణమున సిసిలీ ద్వీపమున స్త్రీలు గోధుమలను చీకటి గదిలో మొలకెత్తించి, పసుపు వన్నెగల ఆ లేత మొలకల పళ్లెములను పవిత్ర గురువారమున దేవాలయమునకు కొనిపోవుదురు. ప్రాచీన గ్రీసు స్త్రీలు కుండపెంకులలో పెంచిన అడోనిసు తోటలతో ఫ్రేజరు పండితుడు దీనిని పోల్చెను. మన పెండ్లిండ్లలో అంకురార్పణ చేసి, మట్టి పాలికలలో నవధాన్యములు చల్లి మొలకల కొఱకు ఎదురుచూచు తెలుగు స్త్రీలకు ఈ సంగతి ఎవరును వివరింప నక్కఱలేదు. చచ్చినట్లున్న గింజ లేచుట శుభమని నమ్ముటకు మతభేదము అడ్డు రాలేదు.

ఇది సామాన్యుల బల్ల సంగతి. రాజుల బల్లల చరిత్ర వేఱు దారి పట్టినది. అచట నడిమి సింగారము పండుగలను, వ్రతములను దాటి, ప్రభువు హోదాకు కొలబద్ద యయ్యెను. చక్కెర బంగారమువలె ప్రియముగ నున్న కాలమున దానితో శిల్పములు చెక్కించి బల్లపై నిలిపిరి. 1574లో ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ వెనిసు నగరమునకు వచ్చినప్పుడు, బల్లపై నున్న చేతిరుమాలును పట్టుకొనగా అది పుటుక్కున విరిగెననియు, అదియు చక్కెరతో చేసినదే యనియు చెప్పుదురు. 1687లో ఇంగ్లండు రాజు రెండవ జేమ్సు పంపిన రాయబారి కాసిల్‌మెయిన్ ప్రభువు రోము నగరమున నిచ్చిన విందులో బల్ల పొడవునను చక్కెర విగ్రహములు బారులు తీరెను. తినుటకు చక్కెర యన్న మాటయే కాని వానిని చూచుటకే చేసిరి.

చక్కెర చెమర్చి కరగును, విరుగును. జర్మనీలోని మైసెన్ నగరమున 1710లో పింగాణి కార్ఖానా వెలసెను. 1731లో అందు చేరిన కేండ్లరు అను శిల్పి చేతిలో పింగాణి బొమ్మలు ప్రాణము పోసికొనెను. గొల్లపడుచులు, వేటగాండ్రు, దేవతలు చక్కెర శిల్పముల స్థానమును ఆక్రమించిరి. ఈ మార్పు చిన్నదిగ కనబడును గాని దీని యర్థము పెద్దది. తినుటకు పనికివచ్చు పదార్థము బల్ల నడుమ నుండి తొలగి, బీరువాలో దాచి మఱల మఱల చూపదగిన ఆస్తి దాని చోట కూర్చుండెను.

ఆ కాలమున ఉపయోగమును మఱువని పనివారును లేకపోలేదు. ఫ్రెంచి కంసాలులు 'సుర్తూ' అను వెండి పళ్లెమును కల్పించిరి. దీపములు, ఉప్పు, చక్కెర, మసాలా, నూనె, పులికాడి అన్నియు ఒక్క చోట అమరు సాధనమది. ఇంగ్లీషువారి 'ఎపర్న్' కొమ్మలు సాచిన వెండిచెట్టు వంటిది. కొమ్మ కొమ్మకు వ్రేలాడు చిన్న బుట్టలలో పండ్లు, మిఠాయిలు పెట్టుదురు. ఎవరికి వారు చేయి సాచి తీసికొనవచ్చును. పొదుపు అను అర్థముగల ఫ్రెంచి మాట నుండి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. పళ్లెములు చేతులు మాఱు శ్రమను పొదుపు చేయుటచేత పేరు సార్థకము.

కాని వెండికి పొదుపు తెలియదు. నెపోలియనును ఓడించిన వెల్లింగ్టను ప్రభువునకు పోర్చుగలు ప్రభుత్వము 1816లో సమర్పించిన నడిమి సింగారము సుమారు 8 మీటర్ల పొడవుగలది. లండనులోని యాప్స్‌లీ భవనమున దానిని నేటికిని చూడవచ్చును. అంతకు పూర్వము మన దక్కనులో 1803 మరాఠా యుద్ధమున ఆయన క్రింద పోరాడిన సైనికాధికారు లిచ్చిన వెండి సామగ్రియు ఆ భవనముననే 'దక్కను సర్వీసు' అను పేర నున్నది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు 1840ల తొలినాళ్లలో స్వయముగ రూపకల్పన చేసిన నడిమి సింగారమునందు రాణిగారి ముద్దుల కుక్కలు కొలువుదీరియున్నవి. 1851 నాటి మహా ప్రదర్శనమున ప్రజలు దానిని చూచి మెచ్చుకొనిరి. గొఱ్ఱెపిల్ల కూర్చున్న స్థానమునకు కుక్కలు వచ్చుటతో ఒక చరిత్ర పూర్తియైనదనవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దిలో వడ్డన పద్ధతియే మాఱినది. అంతవఱకు ఫ్రెంచి రీతిన వంటకములన్నియు ఒక్కసారి బల్లపై సమముగ పేర్చి యుంచువారు. పాత్రలే బల్లకు నిండుదనము. 1810 ప్రాంతమున పారిసులోని రష్యా రాయబారి కురాకిన్ తన విందులలో ఒక్కొక్క వంటకమును వరుసగా సేవకులచే వడ్డించు రష్యా పద్ధతిని ప్రవేశపెట్టెనని ప్రసిద్ధి. కొన్ని దశాబ్దులలో అది ఐరోపా అంతట వ్యాపించెను. మన బంతి వడ్డనకు దగ్గఱగ నున్న యీ పద్ధతివలన భోజనము వేడిగ అందెను గాని బల్ల నడుమ ఖాళీ యయ్యెను. ఆ ఖాళీలోనికి పూలు, పండ్లు, ఆకులు గుట్టలుగ వచ్చిపడినవి. నేడు పూలగుత్తి లేని విందుబల్ల లేదనుకొనుటకు మూలకారణము వంట పాత్రలు ప్రక్కబల్ల మీదికి పోవుటయే.

పూలు హెచ్చిన కొలది ముఖములు మఱుగుపడినవి. ఎదుటనున్న అతిథితో మాటలాడవలెనన్న ఆకుల సందున వంగి చూడవలసివచ్చెను. అధికార విందులలో పాల్గొనిన మన సభ్యులకు ఈ యిబ్బంది అనుభవమే: రెండు పక్షముల నడుమ సామరస్యమునకై ఏర్పాటైన విందులో పూలగోడ లేచి ఇరుపక్షములను వేఱుచేయును. దీనికి విరుగుడు 1861లో లభించినది. ఆ యేడు ఇంగ్లండులో రాజకీయ ఉద్యాన సంఘము బల్ల అలంకారములకు పోటీ పెట్టగా థామస్ మార్చి అనునతడు ప్రథమ బహుమతి పొందెను. అతని సాధనము సులువైనది. క్రింద వెడల్పైన గాజు పళ్లెము, పైన చిన్నది, రెంటిని కలుపుచు సన్నని గాజు కాడ. పూలు చూపునకు పైననో క్రిందనో నుండును. చూపు సాగు చోట సన్నని గాజు తప్ప మఱేమియు లేదు. దానిని 'మార్చి స్టాండు' అని పిలిచిరి.

ఈస్టరు గ్రుడ్డు సంగతియు ఇట్టి మలుపే తిరిగినది. 1885లో రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండరు తన భార్యకు ఈస్టరు కానుకగా ఫాబెర్జే అను స్వర్ణకారుని చేత ఒక గ్రుడ్డు చేయించెను. పైపెంకు తెల్లని మీనాపని. లోపల బంగారు సొన. ఆ సొనలో బంగారు కోడి. ఆయన కుమారుడు రెండవ నికొలాసు ఏటేట తల్లికి ఒకటి, భార్యకు ఒకటి ఇచ్చెను. జపానుతో యుద్ధమువలన 1904, 1905 సంవత్సరములలో మాత్రము ఇవ్వలేదు. ఇట్టివి 50 గ్రుడ్లు రాజకుటుంబమునకు చేరినవి. 1917 విప్లవముతో ఆ పరంపర ముగిసినది; వానిలో చాల భాగము దేశాంతరముల విక్రయింపబడినది. వానిని చేసిన పనివాని నేర్పు లోకోత్తరము. అయినను ఆ దేశపు రైతు ఎఱ్ఱగ్రుడ్డును పగులగొట్టి బిడ్డకు సగము పెట్టుటలో నున్న పండుగ, అద్దాల బీరువాలోని గ్రుడ్డునకు దక్కలేదు.

అమెరికాలో ఈస్టరు అనగా తెల్లని లిల్లీ జ్ఞప్తికి వచ్చును. ఆ పూవు పుట్టినిల్లు జపానుకు దక్షిణమున నున్న ర్యూక్యూ దీవులు, తైవాను. 1919లో లూయీ హౌటన్ అనునతడు ఒక పెట్టెనిండ ఆ దుంపలను ఒరెగాను తీరమునకు తెచ్చి ఇరుగుపొరుగులకు పంచెను. 1941లో యుద్ధమువలన జపాను దుంపల రాక ఆగిపోగా వాని వెల ఆకాశమునంటెను. జనులు వానిని 'తెల్ల బంగారము' అనిరి. దేవాలయ వేదికపై లిల్లీకి మించిన శోభ లేదు. భోజనపు బల్లపై మాత్రము దాని ఎత్తు చూపునకు అడ్డు, దాని గాఢ పరిమళము వంటకముల వాసనకు పోటీ. వేదికకు తగినది బల్లకు తగవలెనను నియమము లేదు.

ఇరువదవ శతాబ్దిలో ఈ కళను మఱల సామాన్యుల యింటికి తెచ్చినవారిలో ఇంగ్లండుకు చెందిన కాన్‌స్టన్స్ స్ప్రై (1886–1960) ముఖ్యురాలు. ఆమె మొదట లండనులోని పేదల పేటలో పాఠశాల ప్రధానోపాధ్యాయిని; పిమ్మట పూల దుకాణము తెఱచెను. 1934లో పూల అలంకారమును గూర్చి గ్రంథము వెలువరించెను. పెరటి కూరాకులు, కంపమీది కాయలు, రోడ్డుప్రక్క కలుపుమొక్కలు ఆమె చేతిలో సొగసు సంతరించుకొనెను. పూలకుండీయే కావలెనను పట్టింపు ఆమెకు లేదు; పులుసు పోయు గిన్నెలోనైనను పూలు అమర్చెను. 1953లో రెండవ ఎలిజబెతు పట్టాభిషేకమున పూల యేర్పాటు ఆమెకే అప్పగించిరి. అందము ఖర్చునందు లేదు, చూపునందు కలదని ఆమె జీవితము చూపినది.

ఇంత చరిత్ర నుండి గృహస్థునకు ఉపయోగపడు నియమములు మూడు తేలుచున్నవి. నడిమి సింగారము ఎదుటివారి ముఖమును మఱుగుపఱుపరాదు. అనగా బల్లపైనుండి అడుగెత్తునకు మించరాదు. ఆహారపు రుచివాసనలకు అది అడ్డు రారాదు. అన్నిటికన్న ముఖ్యముగ, అది బల్లచుట్టునున్న వారికి చెందవలెను, పంచుకొనుటకు వీలుగ నుండవలెను. ఈ మూడింటిని తీర్చు సింగారమునకు పెద్ద వ్యయము అక్కఱలేదు. పండుగకు ఎనిమిది పది దినముల ముందు గుప్పెడు గోధుమలను ఒక రాత్రి నానబెట్టి, అంచుగల ఇత్తడి పళ్లెములో పలుచగ మన్ను పఱచి చల్లవలెను. దినదినము నీరు చిలుకరించినచో పండుగనాటికి బెత్తెడు పచ్చిక లేచును. ఉల్లిపొట్టును నీటిలో మరిగించి, కొంచెము పులికాడి చేర్చి, అందు గ్రుడ్లను ఉడికించినచో ఎఱ్ఱమట్టి వన్నె పట్టును. వచ్చు అతిథులెందఱో అన్ని గ్రుడ్లు ఆ పచ్చికలో గూటివలె అమర్చవలెను. పచ్చిక నడుమ నుండుటచే అవి దొరలిపోవు. భోజనము మొదలిడునప్పుడు ఎవరి గ్రుడ్డు వారు తీసికొందురు. పళ్లెములో పచ్చిక మాత్రము మిగులును. మఱునాడు దానిని ఆవు మేయును.

మన కోస్తా జిల్లాలలో ఈస్టరు వేకువను క్రైస్తవ కుటుంబములు సమాధుల తోటకు పోయి, తమవారి సమాధులను పూలతో అలంకరించి, క్రొవ్వొత్తులు వెలిగించి ప్రార్థనలు చేయుట కలదు. వేకువజామున స్త్రీలు సమాధి కడకు పోయి అది ఖాళీగ నుండుట చూచిరను సువార్త కథకు ఆ ఆచారము చేరువయైనది. అక్కడ పూలు మొదట చేరునది లేనివారి కడకు. ఉన్నవారి పంక్తి తరువాత సాగును. మన సంఘ సభ్యులలో ఈస్టరు జరుపుకొను కుటుంబములు, ఆనాడు వారింట భోజనమునకు పిలువబడు ఇతర మతస్థులును కలరు. స్వస్థలమునకు పోలేక ఈ రాజధానిలోనే పండుగ చేసికొనువారికి సమాధుల తోట దూరము. వారి బల్ల నడుమ మొలకల పళ్లెము నుంచినచో దూరమున నున్నవారును జ్ఞప్తికి వత్తురు. ఎదుట నున్నవారి ముఖములును కనబడును.